రసాయనం ఒకటే, రిసెప్టర్లు వేరు

నాడీ కణాలు వదిలే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చేతి కండరం మీద పడితే కండరం బిగుసుకుంటుంది. గుండె మీద పడితే గుండె నెమ్మదిస్తుంది. లాలాజల గ్రంథుల దగ్గర విడుదలైతే నోట్లో నీళ్లూరతాయి, కంట్లో విడుదలైతే కంటిపాప చిన్నదవుతుంది. నాలుగు చోట్లా అణువు ఒక్కటే, వెంట్రుకవాసి తేడా కూడా ఉండదు. మరి ఒకచోట బిగించి, ఇంకోచోట సడలించే పని ఎలా జరుగుతోంది?

తేడా అంతా అందుకునే వైపు ఉంది. నాడీ కణం వదిలిన రసాయనాన్ని పట్టుకోవడానికి అవతలి కణం పొర మీద ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉంటాయి. అవే రిసెప్టర్లు, పాఠ్యపుస్తకాల తెలుగులో గ్రాహకాలు. రసాయనం వచ్చి తగులుకున్నాక ఏం జరగాలన్నది రిసెప్టర్ నిర్మాణాన్ని బట్టి, దాని వెనక కణం లోపల ఉన్న ఏర్పాటును బట్టి తేలుతుంది. రసాయనంలో ఆజ్ఞ అంటూ ఏదీ ఉండదు.

ఈ సంగతి మరిచిపోవడం వల్లే డోపమిన్ అంటే ఆనందం, సెరటోనిన్ అంటే ప్రశాంతత అనే రీల్స్ లెక్కలు పుట్టుకొస్తున్నాయి. సెరటోనిన్‌కు తెలిసిన రిసెప్టర్ రకాలే 14 దాకా ఉన్నాయి. వాంతులు ఆగడానికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ వాటిలో ఒక రకాన్ని మూసేస్తుంది. మైగ్రేన్‌కి ఇచ్చే సుమాట్రిప్టాన్ ఇంకో రకాన్ని ప్రేరేపిస్తుంది. ప్రశాంతత ఊసు రెండింటిలోనూ లేదు. బడిలో చెప్పే తాళం, తాళంచెవి పోలిక కూడా సగమే నిజం చెబుతుంది. ఒకే తాళంచెవి రకరకాల తాళాల్లో పడుతుందనీ, తెరుచుకున్న తలుపు వెనక ఒక్కోచోట ఒక్కో గది ఉంటుందనీ ఆ పోలికలో లేదు.

అసిటైల్‌కోలిన్‌నే పట్టుకుని చూస్తే విషయం బాగా తెలుస్తుంది. పత్తి చేలో, పాము కాటులో, ఆపరేషన్ థియేటర్‌లో మన ప్రాంతపు డాక్టర్లకు ఇది ఎప్పుడూ ఎదురయ్యేదే.

రిసెప్టర్ అనేది ఒకటి ఉండి తీరాలని మొదట గట్టిగా వాదించినవాళ్లలో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ ఒకడు. 1905లో ఆయన కోడి కండరం మీద నికోటిన్ ప్రభావాన్ని రాశాడు. నికోటిన్ వేస్తే కండరం బిగిసింది. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే క్యూరారే విషం వేస్తే సడలింది. తర్వాత ఆ కండరానికి వెళ్లే నరాన్ని కోసి, అది పూర్తిగా క్షీణించేదాకా ఆగి, మళ్లీ నికోటిన్ వేశాడు. అప్పుడూ బిగిసింది, క్యూరారేతో అప్పుడూ సడలింది. నరమే లేనప్పుడు నికోటిన్ పనిచేసింది దేని మీద? కండరంలోనే ఏదో 'అందుకునే పదార్థం' ఉండాలని లాంగ్లీ తేల్చాడు. కంటికి ఆనని వస్తువును తర్కంతో పట్టుకున్నాడన్నమాట. ఆ పదార్థాన్ని కణం నుంచి విడదీసి చూపడానికి ఇంకో 65 ఏళ్లు పట్టింది.

ఈలోగా నరం నిజంగా రసాయనాన్ని వదులుతుందా, లేక అంతా కరెంటేనా అనే తగువు తీరాల్సి వచ్చింది. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ఆటో లోవీ చేసిన ప్రయోగం దాన్ని తీర్చింది. రెండు కప్పల గుండెలను బయటికి తీసి, ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా ఉంచాడు. మొదటి గుండెకు మాత్రం మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం ఇంకా అతుక్కునే ఉంది. ఆ నరాన్ని కరెంటుతో ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. అప్పుడు ఆ గుండె లోపలి ద్రావణాన్ని తీసి రెండో గుండెలోకి వదిలాడు. దానికి నరమూ లేదు, కరెంటూ లేదు. అయినా అదీ నెమ్మదించింది. ఈ ప్రయోగం తనకు కలలో తట్టిందని లోవీయే చెప్పుకున్నాడు. ఆ ద్రావణంలో ఉన్నది అసిటైల్‌కోలిన్. అదే పదార్థం మీద పనిచేస్తున్న హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి 1936లో నోబెల్ ఇచ్చారు.

అసిటైల్‌కోలిన్ చేసే పనులు రెండు రకాలుగా ఉన్నాయని డేల్ 1914లోనే గమనించాడు. కొన్ని నికోటిన్ చేసే పనుల్లా ఉన్నాయి, కొన్ని మస్కరిన్ అనే పుట్టగొడుగు విషం చేసే పనుల్లా ఉన్నాయి. ఆ రెండు పేర్లే రిసెప్టర్లకూ స్థిరపడ్డాయి.

నికోటినిక్ రకం కండరం దగ్గర ఎలా పనిచేస్తుందో చూద్దాం. సంకేతం నరం చివరకు చేరగానే అక్కడికి కాల్షియం దూసుకొస్తుంది. దాంతో అసిటైల్‌కోలిన్ నింపుకున్న చిన్న చిన్న సంచులు పొరతో కలిసిపోయి బయటికి తెరుచుకుంటాయి. ఒక్కో సంచిలో వేల అణువులు. అవతలి ఒడ్డు సుమారు 50 నానోమీటర్ల దూరం, అంటే మిల్లీమీటరులో 20 వేల వంతు. అక్కడ చదరపు మైక్రోమీటరుకు 10 వేల దాకా రిసెప్టర్లు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో రిసెప్టర్ ఐదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా నిలబడగా ఏర్పడింది. మధ్యలో సన్నని రంధ్రం, మామూలప్పుడు మూసే ఉంటుంది. ఒక అణువు తగిలితే చాలదు, రెండు తగులుకోవాలి. అప్పుడు ఆ ఐదు ముక్కలూ కాస్త మెలితిరిగి రంధ్రం తెరుచుకుంటుంది. ఉండేది మిల్లీసెకను, అటూ ఇటూ. ఆ కాస్త సేపట్లోనే 10 వేలకు పైగా సోడియం అయాన్లు ఒక్క రంధ్రంలోంచి లోపలికి దూరతాయి. అలాంటి రంధ్రాలు లక్షల్లో ఒకేసారి తెరుచుకుంటే కండరం బిగుస్తుంది. వెంటనే అసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైమ్ మిగిలిన రసాయనాన్ని ముక్కలు చేసేస్తుంది. మొత్తం తతంగం కొన్ని మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది కాబట్టే వీణ మీద వేళ్లు అంత వేగంగా కదలగలుగుతాయి.

మస్కరినిక్ రకంలో రంధ్రమే ఉండదు. అది కణం పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటే ఒకే పొడవాటి ప్రొటీన్. బయట అసిటైల్‌కోలిన్ తగలగానే లోపలి కొస ఆకారం మారుతుంది. ఆ మార్పుతో కణం లోపల జీ ప్రొటీన్ అనేది విడివడి వెళ్లి అసలు పని చేస్తుంది. గుండెలో ఉన్న ఎం2 రకం వెనక ఉన్న జీ ప్రొటీన్ పొటాషియం దారులను తెరుస్తుంది, గుండె వేగం తగ్గుతుంది. గ్రంథుల్లోని ఎం3 రకం వెనక ఉన్నది వేరే జీ ప్రొటీన్. అది కణం లోపల దాచి ఉన్న కాల్షియాన్ని బయటికి లాగుతుంది, లాలాజలం ఊరుతుంది. నికోటినిక్ కంటే ఇది చాలా నిదానం, కానీ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. మనం మింగే మందుల్లో దాదాపు మూడో వంతు ఈ జీ ప్రొటీన్ జాతి రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి.

ఈ రెండు రకాల తేడా ఎంత ప్రాణాంతకమో పురుగుమందుల కేసుల్లో తెలుస్తుంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు పైన చెప్పిన ఎంజైమ్‌ను పట్టేసి పనిచేయనివ్వవు. రిసెప్టర్లను అవి ముట్టుకోవలసిన అవసరం లేదు. ఎంజైమ్ ఆగిపోతే అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది, రెండు రకాల రిసెప్టర్ల మీదా కుమ్మరిస్తూనే ఉంటుంది. చేతులకు తొడుగుల్లేకుండా, ముక్కుకు గుడ్డయినా లేకుండా, ఎదురుగాలిలో మందు కొట్టిన రైతుకు మొదట చెమటలు పడతాయి, నోట్లో నురగ, కళ్లలో నీళ్లు, వాంతులు, విరేచనాలు. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు ఊరి గురగుర శబ్దం వస్తుంది. ఇవన్నీ మస్కరినిక్ లక్షణాలు. చర్మం కింద కండరాలు పురుగులు పాకినట్టు అదరడం, ఆపైన చచ్చుబడడం నికోటినిక్ వైపు నుంచి వచ్చేవి.

ఇక్కడ డాక్టర్లు వాడే అట్రోపిన్ మస్కరినిక్ రిసెప్టర్లనే మూస్తుంది. నికోటినిక్ వాటి జోలికి పోదు. డోసు ఇచ్చి ఐదు నిమిషాలు చూసి, గుణం లేకపోతే రెట్టింపు ఇస్తారు, మళ్లీ రెట్టింపు. ఎక్కడ ఆపాలో రోగి ఒళ్లే చెబుతుంది. స్టెతస్కోప్‌లో గురగుర పోయిందా, నాడి 80 దాటిందా, చంకల్లో చెమట ఆరిందా? చంకల్లో చెయ్యి పెట్టి చూడడం ఇప్పటికీ ఈ వైద్యంలో ఒక అసలైన పరీక్ష. ఇంత చేసినా కండరాల బలహీనత అట్రోపిన్‌కు లొంగదు. దానికి వెంటిలేటరే దిక్కు. ఎంజైమ్‌ను విడిపించడానికి పామ్ అనే ఇంజెక్షన్ ఉన్నా, దాని ఫలితాల మీద అధ్యయనాలు ఒక మాట మీద లేవు.

ఇంకో ప్రమాదం ఆలస్యంగా వస్తుంది. గండం గడిచింది, ఇక వార్డుకు మార్చొచ్చు అనుకుంటున్న సమయంలో, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, రోగి దిండు మీద నుంచి తల ఎత్తలేకపోతాడు. ఆ తర్వాత శ్వాస కండరాలు మొరాయిస్తాయి. శ్రీలంక డాక్టర్లు 1987లో దీన్ని విడిగా గుర్తించి వివరించారు. మెడ బలం చూడకుండా ఇలాంటి రోగిని ఐసీయూ నుంచి పంపడం చాలా పెద్ద తప్పు. నికోటినిక్ రిసెప్టర్లు అదే పనిగా రసాయనంలో మునిగి ఉండడమే ఇందులో ముఖ్య కారణంగా కనిపిస్తుంది. ఎడతెరిపి లేకుండా ప్రేరేపిస్తే రిసెప్టర్ తెరుచుకుని ఉండిపోదు. రసాయనం తగులుకునే ఉన్నా రంధ్రం మూసుకుని, మొద్దుబారిన స్థితిలోకి వెళ్లిపోతుంది. బెర్నార్డ్ కాట్జ్, స్టీఫెన్ థెస్లెఫ్ 1957లోనే ఈ ధర్మాన్ని వివరించారు. అతిగా పిలిస్తే పలకడం మానేసే ఈ లక్షణం దాదాపు అన్ని రిసెప్టర్లలోనూ ఏదో ఒక రూపంలో ఉంది.

అట్రోపిన్ మొక్కల నుంచి వచ్చిన మందు. మన దొడ్లలో, రోడ్ల పక్కన పెరిగే ఉమ్మెత్తలోనూ అదీ, దాని దగ్గరి బంధువు స్కోపొలమిన్ ఉన్నాయి. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లాడి నోరు పిడచకట్టుకుపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె దడదడలాడుతుంది, లేని మనుషులతో మాట్లాడతాడు. పురుగుమందు లక్షణాలకు పూర్తి తిరగేసిన పట్టిక ఇది. మెదడులోనూ మస్కరినిక్ రిసెప్టర్లు ఉన్నాయి కాబట్టే ఆ మాటలు.

పాముల దగ్గరికొస్తే బాధితులు నికోటినిక్ రిసెప్టర్లు. నాగుపాము విషంలోని ప్రొటీన్లు కండరం మీది రిసెప్టర్‌ను పట్టుకుని అసిటైల్‌కోలిన్‌కు చోటు లేకుండా చేస్తాయి. కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి. కట్లపాము ప్రజాతికి శాస్త్రీయ నామం బంగారస్. అది తెలుగు 'బంగారం' నుంచే వెళ్లింది. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో పాములను పరిశీలించిన పాట్రిక్ రస్సెల్, పసుపు నల్లని పట్టీల పామును స్థానికులు పిలిచే పేరుతోనే నమోదు చేశాడు. కట్లపాము విషం రెండు చోట్ల దెబ్బ కొడుతుంది. ఒక భాగం రిసెప్టర్‌ను మూస్తుంది, ఇంకో భాగం నరం చివరనే ధ్వంసం చేస్తుంది. వైద్యంలో ఈ తేడా ముఖ్యం. నియోస్టిగ్మిన్ అనే మందు ఇచ్చి అసిటైల్‌కోలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌ను కాసేపు ఆపితే అసిటైల్‌కోలిన్ పెరిగి, నాగుపాము కాటులో రెప్పలు లేచే అవకాశం ఉంది. కట్లపాము కాటులో నరం చివరే పాడైతే వదలడానికి రసాయనమే ఉండదు, నియోస్టిగ్మిన్ పెద్దగా చేసేదీ ఉండదు. నరం చివర మళ్లీ చిగురించేదాకా రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాలి. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరిచే కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. తెల్లవారేసరికి రెప్పలు వాలి, మాట ముద్దగా వస్తుంటే పాము కాటును అనుమానించి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

లాంగ్లీ ఊహించిన పదార్థాన్ని చివరికి విడదీసి చూపించడానికి ఉపయోగపడింది కూడా ఈ విషమే. తైవాన్‌లో చెన్ యువాన్ లీ, సి.సి. చాంగ్ 1963లో అక్కడి కట్లపాము విషం నుంచి ఆల్ఫా బంగారోటాక్సిన్‌ను వేరుచేశారు. అది నికోటినిక్ రిసెప్టర్‌ను పట్టుకుంటే ఇక వదలదు. కరెంటు షాక్ కొట్టే ఈల్ చేప అవయవంలో ఈ రిసెప్టర్లు దండిగా ఉంటాయి. విషంతో గుర్తుపట్టి, 1970లో ఫ్రాన్స్‌లో ఝాన్ పియెర్ షాన్‌ఝో బృందం ఆ అవయవం నుంచి రిసెప్టర్‌ను బయటికి తీసింది.

మూడేళ్లకే అమెరికాలో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ ఆ ఈల్ రిసెప్టర్‌ను కుందేళ్లకు ఎక్కించారు. యాంటీబాడీలు తయారుచేయించుకోవాలన్నదే వాళ్ల ఉద్దేశం. కుందేళ్లు మెడ వాల్చేసి చతికిలబడ్డాయి. మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బులో మనుషులకు జరిగేది అచ్చం ఇదే. శరీరం తన రిసెప్టర్ల మీద తానే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, కండరం మీద వాటి సంఖ్య పడిపోతుంది.

ఈ జబ్బులో పొద్దున లేచేసరికి బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి రెప్ప బరువెక్కుతుంది, సాయంత్రానికి ఒకటి రెండుగా కనిపిస్తుంది, అన్నం నమిలే కొద్దీ దవడ అలిసిపోతుంది. ఎందుకిలా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా నరాన్ని పదే పదే వాడే కొద్దీ ఒక్కో సంకేతానికి విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ తగ్గుతూ వస్తుంది. అయినా అవసరానికి మించి రిసెప్టర్లు ఉండడం వల్ల ఆ తగ్గుదల బయటపడదు. మయస్తీనియాలో ఆ మిగులు పోతుంది, కాబట్టి తగ్గుదల నేరుగా రెప్ప మీద కనిపిస్తుంది. లక్షణాలు చూస్తే క్యూరారే విషంలా ఉందే అనుకుని, 1934లో లండన్‌లో మేరీ వాకర్ అనే డాక్టర్ క్యూరారేకి విరుగుడుగా వాడే ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూసింది. రోగికి కాసేపటిపాటు బలం తిరిగొచ్చింది. నేటి పైరిడోస్టిగ్మిన్ మాత్రలదీ అదే దారి. పురుగుమందు ఏ ఎంజైమ్‌ను పట్టేస్తుందో ఈ మాత్రా దాన్నే పట్టుకుంటుంది. కాకపోతే కొన్ని గంటలకు వదిలేస్తుంది.

ఎడతెగని ప్రేరణతో కండరం సడలిపోవడాన్ని మత్తు డాక్టర్లు కావాలనే వాడుకుంటారు. సక్సామెథోనియం, వాడుకలో స్కోలిన్, రెండు అసిటైల్‌కోలిన్ అణువులను జోడించినట్టుండే మందు. ఇంజెక్షన్ పడగానే కండరాలన్నీ ఒకసారి అదురుతాయి, తర్వాత పూర్తిగా సడలిపోతాయి. ఆ వ్యవధిలో గొంతులోకి గొట్టం వేస్తారు. రక్తంలో ఉండే మరో ఎంజైమ్, బ్యూటిరిల్‌కోలిన్ ఎస్టరేజ్, దీన్ని విరగ్గొట్టడం వల్ల ఐదు పది నిమిషాల్లో ప్రభావం పోతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవాళ్లలో మాత్రం గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు. దక్షిణాదిలో వైశ్య సమాజంలో ఈ లోపం మిగతావాళ్ల కంటే ఎక్కువని జన్యు అధ్యయనాల్లో తేలింది. సర్జరీకి ముందు "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక లేవడం ఆలస్యమైందా?" అని అడగడం వెనక కారణాల్లో ఇదొకటి. అడిగినప్పుడు దాచకుండా చెప్పడమే మేలు. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, తెలియకపోయినా వెంటిలేటర్ మీద ఓపిగ్గా ఉంచితే కోలుకుంటారు.

మెదడులోకి వెళితే రిసెప్టర్ మాట కూడా చివరి మాట కాదని తెలుస్తుంది. గాబా అనే రసాయనం పెద్దల మెదడులో ప్రధానంగా శాంతింపజేసేది. గాబా-ఏ అనే రకం రిసెప్టర్ తెరుచుకుంటే క్లోరైడ్ అయాన్లు కణంలోకి వెళ్లి కణాన్ని అణుస్తాయి. కానీ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మెదడు కణాల్లో క్లోరైడ్ ముందే ఎక్కువగా ఉంటుంది. అదే గాబా, అదే రిసెప్టర్, అదే రంధ్రం. అయినా క్లోరైడ్ బయటికి పారి కణం ఉత్తేజితమవుతుంది. డయాజెపామ్ లాంటి మాత్రలు ఈ రిసెప్టర్ మీద గాబా కూర్చునే చోట కూర్చోవు. పక్కన ఇంకోచోట చేరి, గాబా వచ్చినప్పుడు రంధ్రం ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తాయి. గాబా లేకపోతే వాటికి పనిలేదు. పాతకాలపు బార్బిట్యురేట్లు డోసు పెరిగితే గాబా లేకుండానే రంధ్రం తెరిచేస్తాయి. అందుకే వాటి ఓవర్‌డోసు అంత ప్రమాదం, అందుకే నిద్రమాత్రలుగా వాటిని దాదాపు వదిలేశారు.

డోపమిన్ సంగతీ అంతే. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు డోపమిన్‌ను అందుకునే డీ2 రకం రిసెప్టర్లను అడ్డుకుంటాయి. స్కానింగ్‌తో లెక్కకట్టిన అధ్యయనాల ప్రకారం సుమారు 65 శాతం రిసెప్టర్లు మూసుకుంటే భ్రమలు తగ్గే అవకాశం మెరుగవుతుంది, 80 శాతం దాటితే చేతుల వణుకు, నడకలో బిగుతు మొదలవుతాయి. భ్రమలతో ముడిపడిన దారిలో ఉన్నదీ డీ2 రిసెప్టరే, కదలికలను నడిపే దారిలో ఉన్నదీ అదే, మాత్రకు వాటి మధ్య తేడా తెలియదు. కదలికల దారిలో డోపమిన్‌కు ఎదురు తూగేది అసిటైల్‌కోలిన్ కాబట్టి, వణుకు తగ్గడానికి ట్రైహెక్సిఫెనిడిల్ అనే మస్కరినిక్ నిరోధకాన్ని జతచేస్తారు. వణుకు తగ్గుతుంది. దాంతోపాటు నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, చూపు మసకబారుతుంది. పెద్ద వయసువాళ్లలో మతిమరుపు, తికమక తోడవుతాయి. ఏళ్ల తరబడి అదే చీటీ మీద ఈ మాత్రను కొనసాగిస్తున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. అది ఇంకా అవసరమా, డోసు మెల్లగా తగ్గించొచ్చా అని డాక్టర్‌ను అడగాలి, సొంతంగా ఆపేయకూడదు.